గుంత నడుమ వదిలిన మట్టి దిమ్మె

మా అనంతపురం జిల్లా పల్లెల్లో ఉపాధి హామీ పనిని ఆ పేరుతో పిలిచేవారు ఇప్పటికీ తక్కువే. "కరువు పనికి పోతాండాం" అనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నార్పల మండలంలోని బండ్లపల్లికి వచ్చి దేశమంతటికీ ఈ పథకాన్ని ప్రారంభించారు. పని అడగడం పల్లెవాసి హక్కు అని అంతకు ముందు ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఊరి నోట్లో పేరు మాత్రం కరువు దగ్గరే ఆగిపోయింది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ నేలలో, వేరుశనగ విత్తి మబ్బు కోసం ఎదురుచూసే ఈ ఊళ్లలో, చెరువు పూడిక తీయడమైనా రోడ్డుకు కంకర కొట్టడమైనా కరువు వచ్చినప్పుడు సర్కారు పెట్టే పనిగానే తాతల కాలం నుంచి మనవాళ్లకు తెలుసు.

మా జేజి చెప్పిన కరువు కథల్లో అన్నిటికంటే పాతది ధాత కరువు. ఆమె దాన్ని చూడలేదు, వాళ్ల అవ్వ చెప్పగా విన్నది. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువుకు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు చితికిపోయాయి. అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాలేదు, 1882 వరకు బళ్లారిలోనే ఉండేది. 1877 ఆరంభంలో కరువు ఖర్చులు తగ్గించే పని మీద వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే దొర, మట్టి పనిలో ఉన్న మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దాని మీద ఒక అణా ఇస్తే చాలునని లెక్క కట్టాడు. పౌను అంటే అర కిలోకు తక్కువ. ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ తన లెక్కలు తాను చూపించి వాదించాడు. బొంబాయి రాజధానిలో వేలాది మంది కూలీలు ఆ కూలికి పని చేయలేమని పనులు వదిలేసి వెళ్లిపోయారు. చివరకు ఆ ఏడాది నడుమనే మద్రాసులో కూలి పెంచవలసి వచ్చింది.

దాదాపు నూట యాభై ఏళ్ల నాటి ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. కూలి ఎంత అన్నది ఎక్కడో కూర్చున్న వాళ్ల లెక్క మీద తేలుతుంది, దాన్ని తిప్పికొట్టడానికి మన చేతిలోనూ ఒక లెక్క ఉండాలి. రేపు పని ఉంటుందో లేదో తెలియని వాళ్ల సంఘాల గురించి, నేను చూసినంత మేరకు రాయాలని కూర్చుంటే, నా కళ్ల ముందు మొదట మెదిలేది ఒక కొలతల టేపు.

2008లో డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, కూలి చేసుకునే ఇళ్లలోని చదువుకున్న పిల్లలను సామాజిక తనిఖీకి తీసుకుంటున్నారని విని వెళ్లాను. ఊరి పనుల బిల్లులను ఊరి వాళ్ల ముందే చదివి వినిపించి, నిజమా కాదా అని అడిగే ఈ పద్ధతి రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1990ల నడుమ మొదలుపెట్టినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో దాన్ని తన పద్ధతిగా తీసుకుంది. ఆ ఏడాదే మా జిల్లాలో ఊరూరా తిరిగిన తనిఖీ పాదయాత్ర గురించి నేను చేరేనాటికి కూడా కథలుగా చెప్పుకునేవారు. మమ్మల్ని సొంత ఊరికి పంపేవారు కాదు. తెలియని ఊళ్లో బడి వరండాలోనో రామాలయం అరుగు మీదో పడుకుని, మస్టరు కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగి, "అమ్మా, ఇక్కడ మీ పేరు మీద పద్దెనిమిది రోజులు రాసినారు, నిజమేనా" అని అడగడమే పని. చచ్చిపోయిన వాళ్ల పేర్లు, కువైట్‌లో ఉన్న వాళ్ల పేర్లు, రాత్రిపూట జేసీబీ తవ్విన గుంతకు పగటిపూట పడిన మస్టర్లు, ఇవన్నీ దొరికేవి. వాటిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ఒక్క ఇల్లు తిరిగితే చాలు. పేపర్లలో వచ్చేదీ అదే. అసలు కష్టమంతా కొలతల దగ్గర ఉండేది.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. కరువు పనిలో రోజుకూలి అని పైకి చెప్పినా, చేతికి వచ్చేది తవ్విన మట్టిని బట్టి. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఎన్ని ఘనపు మీటర్లో తేల్చి, నేల మెత్తదా గట్టిదా గరుసా అని చూసి, దానికి తగిన రేటు కట్టి, వచ్చిన మొత్తాన్ని గుంపులో ఉన్న వాళ్లకు పంచుతారు. పొడవూ వెడల్పూ ఎవరైనా చూడగలరు. లోతు సంగతి వేరు. తవ్వక ముందు నేల ఎంత ఎత్తున ఉందో తవ్విన తర్వాత ఎవరికి తెలుస్తుంది? అందుకే గుంత నడుమ అక్కడక్కడ తవ్వకుండా చిన్న మట్టి దిమ్మెలు వదిలిపెడతారు. దిమ్మె తల మీద గడ్డి కూడా అలాగే ఉండాలి. పాత నేల ఇదీ అని అదే సాక్ష్యం. కొలిచే సారు దిమ్మె పక్కన టేపు నిలబెట్టి లోతు రాసుకుంటాడు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. పది మంది కలిసి పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల లోతు తవ్వారనుకుందాం. 15 ఘనపు మీటర్లు. దానికి మనిషికి రోజుకు 300 రూపాయలు పడుతుందని అనుకుందాం. దిమ్మె తల వానకు కరిగినా, ఎవరి కాలో తగిలి విరిగినా, సారు వంగడానికి బద్ధకించి కంటి అంచనాతో రాసినా, ముప్పై కాస్తా ఇరవై అయిదు అవుతుంది. అప్పుడు 12.5 ఘనపు మీటర్లే. మనిషికి 250. అయిదు సెంటీమీటర్లు అంటే మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. అది పోతే యాభై రూపాయలు పోయినట్టు. వారానికి ఆరు రోజులు ఇలాగే జరిగితే ఒక రోజు కూలి ఎవరూ దొంగతనం చేయకుండానే మాయమైపోతుంది. ఇందులో లంచం లేదు, దొంగ పేరు లేదు, తనిఖీ చేసే మాకు పట్టుకోవడానికి ఒక్క అబద్ధపు సంతకం కూడా ఉండదు. కూలి ఎందుకు తగ్గిందమ్మా అని అడిగితే "సారు తక్కువ రాసినాడు" అనేవారు. ఎంత తక్కువ, ఎక్కడ తక్కువ అన్నదానికి జవాబు ఉండేది కాదు.

ఒక్క ఊళ్లో ఉంది. ఆ ఊరి పేరు రాయను. అక్కడ మేటీగా, అంటే కూలీల గుంపుకు పెద్దగా, ఉన్న ఒక అక్క, ఆరో తరగతి దాకా చదివిన మనిషి, ప్రతి దిమ్మె మీదా పొద్దున్నే ఒక పెంకు ముక్క పెట్టించేది. మధ్యాహ్నానికి ఆ పెంకు పక్కకు జరిగి ఉంటే దిమ్మె కదిలిందని అర్థం. కొలిచే రోజున ఇరవై మందినీ గుంత చుట్టూ నిలబెట్టి, సారు నోట వచ్చిన అంకెను గట్టిగా తిరిగి పలకమనేది. "ముప్పై!" అని ఇరవై మంది పలికాక పుస్తకంలో ఇరవై ఎనిమిది రాయడం ఎంతటి వాడికైనా ఇబ్బందే. నాకు తెలిసినంతలో సంఘం అంటే అదే. దానికి అప్పటికి ఏ రిజిస్ట్రేషనూ లేదు.

తర్వాత 2010 ప్రాంతంలో ప్రభుత్వమే శ్రమశక్తి సంఘాలు కట్టించింది. పది మందికి తగ్గకుండా ఒక గుంపు, దానికి ఒక మేటీ, ఏడాది పొడవునా అదే గుంపు కలిసి పని చేయాలి. ఆలోచన మంచిదే. విడివిడిగా పని అడిగే మనిషిని వెనక్కి పంపినంత తేలికగా ఇరవై మందిని పంపలేరు. అయితే చాలా ఊళ్లలో ఆ సంఘాలు కంప్యూటరులో మాత్రమే పుట్టాయి. నువ్వు ఏ సంఘంలో ఉన్నావని అడిగితే సభ్యురాలికే తెలియదు, "ఫీల్డ్ అసిస్టెంటును అడుగు నాయనా" అనేది. వ్యవసాయ కార్మిక సంఘాలో, ఊళ్లో కాస్త గట్టిగా మాట్లాడే ఆడవాళ్లో వెనక నిలిచిన చోట మాత్రం ఆ కాగితం పేరుకు ప్రాణం వచ్చింది.

ఆ ప్రాణం ఎక్కడ కనిపించేదంటే, రసీదు దగ్గర. పని అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది. వినడానికి ఎంత బాగుందో, అందుకోవడం అంత కష్టం. ఎందుకంటే పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో చెప్పేది తేదీ వేసిన రసీదు ఒక్కటే. నోటి మాటగా అడిగిన పనికి తేదీ ఉండదు, తేదీ లేని చోట ఆలస్యమూ ఉండదు. ఆఫీసులకు ఈ సంగతి బాగా తెలుసు. ఒకసారి నేను ఉండగానే ఇరవై రెండు మంది ఆడవాళ్లు అర్జీలు పట్టుకుని ఒక ఆఫీసుకు వచ్చారు. అక్కడి మనిషి మర్యాదస్తుడే, కుర్చీలోంచి లేచి మరీ చెప్పాడు: "సోమవారం నుంచి పని పెడతాంలే అమ్మా, మళ్లీ ఈ కాగితాలెందుకు?"

"పని సంగతి తర్వాత సూద్దాం సార్. ముందు రసీదియ్యండి."

అన్నది ఒకామె, మిగిలిన వాళ్లు వరండాలో కూర్చుండిపోయారు. సంచుల్లోంచి సద్ది మూటలు తీసినప్పుడు ఆ పెద్దమనిషికి అర్థమైంది, వీళ్లు సాయంత్రం దాకా ఉండే తయారీతోనే వచ్చారని. మూడు గంటలకు రసీదులు వచ్చాయి, సోమవారం పని కూడా వచ్చింది. భృతి ఇవ్వాల్సిన అవసరమే పడలేదు. చట్టంలోని ఆ నిబంధన పని చేయించే తీరు ఇదేనని నాకు ఆ రోజు బోధపడింది. భృతి పుచ్చుకున్న వాళ్లను నేను వేళ్ల మీద కూడా లెక్కపెట్టలేను గాని, రసీదు చేతికొచ్చాక పని దొరికిన వాళ్లు చాలా మంది తెలుసు.

మా ఇంటి అనుభవం మరోలా ఉంది. మా అమ్మ ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు పడి, ఆమె నాలుగు వారాల కూలి ఎవరి ఖాతాలోకో వెళ్లింది. ఊరూరా తిరిగి జనం లెక్కలు సరిచేస్తున్నానని మీసం తిప్పుకునే నాకు, సొంత తల్లి కూలి రాబట్టడానికి ఏడు నెలలు పట్టింది. ఒక కౌంటరు ఇంకో కౌంటరును చూపేది. ఆలస్యానికి పరిహారం ఉందని చట్టం చూపి వాదించాను. పదహారో రోజు నుంచి రోజుకు బకాయిలో 0.05 శాతం. ఇప్పటి రేటుతో వారానికి పద్దెనిమిది వందల కూలి అనుకుంటే రోజుకు తొంభై పైసలు. టీ నీళ్లకు కూడా రాదు. ఆ తొంభై పైసల కోసం కొట్లాడమని ఎవరికైనా చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. ఒంటరి మనిషి చేతిలో ఎన్ని చట్టాలున్నా సంఘం ముందు దిగదుడుపే. మా అమ్మ అప్పటికి ఏ గుంపులోనూ లేదు.

డబ్బు పొదుపు చేసే సంఘాల్లో మాత్రం ఉంది. మన దగ్గర ఆడవాళ్ల సంఘం అంటే అందరికీ గుర్తొచ్చేవి అవే. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1990ల నడుమ రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుంటూ మొదలైన పొదుపు సంఘాలు మండల ఐక్య సంఘంగా ఎదిగి, రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వెళ్లి చూసి వచ్చే చోటుగా మారాయి. వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన అగత్యాన్ని ఆ సంఘాలు తగ్గించాయి, సంతకం రాని చేతులకు తీర్మానాల పుస్తకం పట్టించాయి. దాని విలువను నేను తక్కువ చేయను. కాని ఒక తేడా ఉంది, దాన్ని మనం తరచూ మరిచిపోతాం. పొదుపు సంఘం అప్పుకు లెక్క రాస్తుంది, కూలి సంఘం పనికి లెక్క రాస్తుంది. మొదటి దాంట్లో కంతు కట్టలేని మనిషి మీద పక్కింటామెకు కోపం వస్తుంది, ఎందుకంటే పూచీ అందరిదీ. రెండో దాంట్లో తక్కువ కొలిచిన సారు మీద అందరికీ కలిసి కోపం వస్తుంది. 2010లో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ అప్పులు మన రాష్ట్రంలో ఎంత రగడకు దారితీశాయో, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవలసి వచ్చిందో చూసిన వాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. కూలి నిలకడగా లేని ఇంట్లో అప్పు ఒక్కటే నిలకడగా ఉంటే ఏమవుతుందో అప్పుడు తేలిపోయింది.

తుంగభద్ర వైపున్న కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల్లో కరువు పని చాలదు. సంక్రాంతి దాటిందంటే సుగ్గి. ఆ మాట తెలియని కోస్తా మిత్రులకు చెప్తున్నాను, సుగ్గి అంటే అక్కడి వాళ్ల భాషలో పంట కోతలకు వలస పోవడం. గుంటూరు మిరప తోటలకు మూటా ముల్లే సర్దుకుని, కోళ్లను కూడా గంపలో పెట్టుకుని, ఇంటి ముందు కంప అడ్డం వేసి లారీలు ఎక్కుతారు. ముసలివాళ్లూ బడి పిల్లలూ మిగులుతారు. పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. కొందరు అందులో ఉంటారు, కొందరు తల్లి కొంగు పట్టుకుని పోతారు.

మిరపకాయకు కూలి కిలో లెక్కన. తూకం రైతుది, తరుగు మేస్త్రీ చెప్పినంత. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, లారీ బాడుగ, మధ్యలో ఇచ్చిన బియ్యం పోగా చివరికి ఎంత మిగిలిందో మేస్త్రీ జేబులో ఉన్న చిన్న పుస్తకానికే ఎరుక. అక్కడి మా చుట్టాల్లో ఒక గుంపు వాళ్లు ఒక ఏడాది ఈ పద్ధతి మార్చాలని గట్టిగా అనుకున్నారు. పద్నాలుగు మంది ఆడవాళ్లు, అయిదుగురు మగవాళ్లు. రోజు రోజుకూ ఎవరు ఎన్ని కిలోలు కోశారో తమ పుస్తకంలో తామే రాసుకుంటామని మేస్త్రీకి ముందే చెప్పేశారు. రాశారు కూడా. రెండు నెలల తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేడా తేలింది, వాదన జరిగింది, మేస్త్రీ కొంత తగ్గాడు, వీళ్లు కొంత తగ్గారు, అంతకు ముందు ఏ సంవత్సరమూ రానంత డబ్బుతో ఇంటికి తిరిగొచ్చారు. నేను ఈ కథను చాలా చోట్ల గొప్పగా చెప్పాను. ఆ పుస్తకం రాసింది ఎవరని మాత్రం చాలా కాలానికి గాని అడగలేదు. పంతొమ్మిది మందిలో అక్షరం వచ్చిన వాళ్లు లేక, హాస్టల్లో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లను లెక్కలు రాయడానికే వెంట తీసుకెళ్లారట. ఆ ఏడు ఆమె పరీక్షలు రాయలేదు. అప్పటి నుంచి ఈ కథ చెప్పేటప్పుడు అంత గొంతు రావడం లేదు.

చట్టం కూడా ఈ వలసకు సరిగ్గా తగలదు. కూలీల వలస గురించి 1979లో చేసిన చట్టం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, అదీ కాంట్రాక్టరు ద్వారా, పోయిన వాళ్లకు వర్తించేది. 2025 నవంబరులో నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాక తనంతట తాను వెళ్లిన మనిషిని కూడా వలస కార్మికుడిగా గుర్తిస్తున్నారు. కదిరి నుంచి బెంగళూరుకు కట్టడం పనికి పోయే వాళ్లకు అది ఉపయోగపడవచ్చు. కాని రాష్ట్రం సరిహద్దు దాటాలన్న షరతు అలాగే ఉంది. కోసిగి నుంచి గుంటూరుకు దూరం బెంగళూరు కంటే తక్కువేమీ కాదు. అయినా అది వలస కిందికి రాదు, ఎందుకంటే రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి.

ఆదోనిలో మా మేనమామ మార్కెట్ యార్డు హమాలీగా చాలా ఏళ్లు చేశాడు. పత్తి, వేరుశనగ, ఆముదాలు వచ్చే యార్డు అది. హమాలీలది ముఠా. ఒక్కొక్క ముఠాకు ఒక మేస్త్రీ, పొద్దంతా మోసిన బస్తాలు గోడ మీద సున్నపు గీతలుగా పడతాయి, రాత్రికి వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. ఒంట్లో బాగాలేక రాని వాడికి కూడా తమ ముఠాలో వారం దాకా సగం వాటా తీసి పెట్టేవారని మామ చెప్పేవాడు. మన కూలి లోకంలో పింఛనూ బీమా లేని రోజుల్లోనే ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉండేదంటే బయటివాళ్లు నమ్మరు. రేటు కోసం వర్తకులతో మాట్లాడడానికి వెళ్లినప్పుడు మాత్రం మామ ఒక మాట పదే పదే అనేవాడు: "రేటు పెంచినామంటారు బాబూ, బస్తానూ పెంచినారు కదా!" బస్తాకు ఇంత అని కూలి పెట్టుకుంటే, బస్తా బరువు పెరిగిన ప్రతిసారీ కూలి తగ్గినట్టే. సంఘం అడగవలసింది రూపాయి ఒక్కటే అయితే సరిపోదు, బస్తాలో ఎన్ని కిలోలని కూడా అడగాలి. వీపు మీద మోసే మనిషికి ఆ సంగతి ముందే తెలుసు, కాగితం మీద రాయించడమే తర్వాతి పని.

ఇక ఈ మధ్యకాలపు సంగతి. 2023 జనవరి నుంచి కరువు పనిలో మస్టరు ఫోనులోకి మారింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పని స్థలంలోనే గుంపు ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించాలి. దొంగ మస్టర్ల మీద నాకేమీ ప్రేమ లేదు, వాటిని ఏరడానికి నా యవ్వనంలో మంచి కాలమే ఖర్చు పెట్టాను. అయితే ఫోనుకు సిగ్నలు అందని కొండ పక్కన గుంత తవ్వే వాళ్లు, తవ్విన తర్వాత కూడా మధ్యాహ్నం ఫొటో కోసం ఎండలో నిలబడి ఉండడం, సిగ్నలు కోసం మేటీ గుట్టెక్కడం చూశాక, మోసం చేసిన వాళ్లు ఎవరో, శిక్ష పడుతున్నది ఎవరికో అని అనిపించింది. పాత మస్టరు కాగితాన్ని చదవడానికి ఊళ్లో ఒక చదువుకున్న పిల్లవాడు చాలు. ఫోను లోపల రద్దయిన హాజరును చూపించమని ఎవరిని అడగాలి? 2024 జనవరి నుంచి కూలి డబ్బు ఆధార్ ముడిపడిన ఖాతాకే వస్తోంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మా అమ్మ కథ మళ్లీ మొదలవుతుంది.

చట్టమే మారిపోయింది కూడా. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో వికసిత్ భారత్ పేరుతో కొత్త చట్టం చేసింది. ఏడాదికి ఒక ఇంటికి ఇచ్చే నూరు రోజుల పని 125 రోజులైంది. మన రాష్ట్రం వంటి చోట ఖర్చులో నలభై శాతం రాష్ట్రమే భరించాలి. విత్తనం వేసే కాలంలోనూ కోతల కాలంలోనూ కలిపి ఏడాదికి అరవై రోజుల దాకా పనులు ఆపవచ్చు. రోజులు పెరిగాయని సంతోషించే వాళ్లతో నేను వాదించను. ఆ అరవై రోజుల గురించి మాత్రం ఒక మాట. కరువు పని పక్కన ఉన్నందువల్లే, ఇంత కూలి ఇస్తేనే కలుపుకు వస్తామని ఆడవాళ్లు రైతుతో అనగలిగారు. కూలి అడగడానికి అనువైన ఆ కాలంలోనే రెండో దారి మూసేస్తే, ఆ మాట అనే ధైర్యం ఎంత మందికి ఉంటుంది? మాకు కూడా రెండెకరాల చెలక ఉంది, కూలి పెరిగినప్పుడు మా నాయన గొణగడం నేను విన్నాను. రైతుకు గిట్టడం లేదన్నదీ నిజమే. అయితే ఆ లోటును పూడ్చే బాధ్యత గడ్డి తీసే మనిషి కూలి మీద పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

పోయిన నెల ఆ పెంకు ముక్కల అక్క ఊరికి వెళ్లాను. ఆమె ఇప్పుడు మేటీ కాదు, మోకాళ్ల నొప్పులు. ఆమె కోడలు ఉంది. గుంపు వాళ్లు తలా పది రూపాయలు వేసుకుని ఎప్పుడో కొన్న ముప్పై మీటర్ల టేపు ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది. నేను వెళ్లిన రోజు ఊట కుంట పని కొలిచారు. సారు తన టేపుతో కొలుస్తుంటే కోడలు రెండో వైపు నుంచి తమ టేపుతో కొలుస్తోంది. సారు కుర్రవాడు, నవ్వుతున్నాడు గాని అడ్డు చెప్పలేదు. దిమ్మె పక్కన ఆమె టేపు నిలబెట్టినప్పుడు చూశాను, మొదటి అంకెలన్నీ అరిగి తెల్లబడిపోయి ఉన్నాయి. పది దగ్గర నుంచే గీతలు కనిపిస్తున్నాయి.

"ఇది ఎట్లా సరిపోతుందమ్మా?" అని అడిగాను.

"పది కాడ పెట్టి పట్టుకుంటాం అన్నా, వచ్చిన దాంట్లో పది తీసేస్తాం," అని, అరిగిన కొసను వేలికి చుట్టుకుని, పది గీతను గుంత అడుక్కు ఆనించి చదివింది. "నలభై రెండు. ముప్పై రెండు రాయండి సార్."

గుంత చుట్టూ ఉన్నవాళ్లు ముప్పై రెండు అన్నారు.